సూదిమొనకు చిక్కిన ఎడిన్‌బరో

రేకు మీద ముఖాలు – ఆరో భాగం

ఆడమ్ స్మిత్ చూడటానికి ఎలా ఉండేవాడు? ఆర్థికశాస్త్రం గడప తొక్కిన ప్రతి విద్యార్థికీ ఆ పేరు తెలుసు. ముఖం అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. అందుకు కొంత కారణం స్మిత్తే. చిత్రకారుల ముందు గంటల తరబడి కూర్చోవడం ఆయనకు గిట్టేది కాదు. ఆయన బతికుండగా, ఆయనను చూసినవాళ్లు చేసిన ప్రతిరూపాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జేమ్స్ టాసీ 1787లో చేసిన పతకం వాటిలో పేరున్నది. అదే ఏడు వచ్చిన ఒక చిన్న అచ్చుబొమ్మ, 1790లో వచ్చిన మరొకటి కూడా అంతే విలువైనవి.

1787 నాటి అచ్చుబొమ్మలో స్మిత్ పక్కకు తిరిగి నడిచిపోతున్నాడు. తలమీద వెడల్పాటి అంచున్న టోపీ. చేతికర్రను నేలకు ఆనించలేదు, నడిమికి పట్టుకుని, సిపాయి తుపాకీ పెట్టుకున్నట్టు భుజం మీదికి వాల్చుకున్నాడు. రెండో చేతిలో పూలగుత్తి. అప్పటికి ఆయన స్కాట్లండ్ సుంకాల శాఖలో కమిషనరు. కానన్‌గేట్‌లోని పాన్‌మ్యూర్ హౌస్ నుంచి హై స్ట్రీట్‌లోని సుంకాల కార్యాలయానికి నడిచి వెళ్లేవాడు. ఆ నడకనే ఎవరో వీధి పక్కన నిలబడి చూసి, ఇంటికెళ్లి రాగి రేకు మీద గీశారు. సంపద గురించి అంత పెద్ద పుస్తకం రాసిన మనిషి చేతిలో పూలు పట్టుకుని, తన లోకంలో తానుండి ఆఫీసుకు పోతున్నాడు. ఏ తైలవర్ణ చిత్రమూ ఇవ్వని స్మిత్ ఇతను.

ఆ గీసిన మనిషి పేరు జాన్ కే. ఏ కళాశాలలోనూ బొమ్మలు నేర్చుకోలేదు, ఏ గురువు దగ్గరా శుశ్రూష చేయలేదు. నలభై దాటేదాకా గడ్డాలు గీసి, విగ్గులు దువ్వి బతికినవాడు. మగ్గానికి ఎగిరే నాడెను 1733లో కనిపెట్టిన లాంకషైర్ జాన్ కే వేరు, ఇతను వేరు. పేరొక్కటే కావడంతో తికమక పడేవాళ్లు ఉన్నారు కనుక ముందే చెప్పేస్తున్నాను.

కిందటి భాగంలో లండన్ హోగార్త్‌ను చూశాం. అతనిది రాజధాని, పెద్ద బజారు, నీతికథల బొమ్మలు. ఇప్పుడు ఉత్తరానికి, కొండ మీది కోటకూ కింది రాజభవనానికీ మధ్య ఒకే పొడవాటి వీధిగా పరుచుకున్న ఎడిన్‌బరోకు వెళ్దాం.

కే 1742 ఏప్రిల్‌లో ఎడిన్‌బరోకు దగ్గర్లోని డాల్కీత్ పక్కన పుట్టాడు. తండ్రి రాతిపని చేసే మేస్త్రి. పిల్లవాడికి ఆరేళ్లు వచ్చేసరికి తండ్రి పోయాడు. తల్లి అతన్ని లీత్ రేవులో ఉన్న తన తరఫు బంధువుల ఇంట్లో ఉంచింది. వాళ్లు సరిగా తిండి పెట్టలేదు సరికదా, కొట్టారు. రేవులో తిరుగుతూ నీళ్లలో పడి చావు అంచుదాకా వెళ్లి వచ్చిన సంగతులు కే తర్వాత తన గురించి రాసుకున్న కాసిని పేజీల్లో ఉన్నాయి. ఆ పేజీలు పూర్తికాలేదు. బొగ్గు, సుద్ద, ఏది దొరికితే అది పట్టుకుని మనుషుల్నీ గుర్రాల్నీ పశువుల్నీ ఇళ్లనూ గీయడం ఆ రోజుల నుంచే ఉంది. నేర్పించే దిక్కు లేదు.

తండ్రిలాగే రాతిపనిలోకి పోవాలని అతని కోరిక. పెద్దవాళ్లు పదమూడో ఏట డాల్కీత్‌లో ఒక క్షురకుడి దగ్గర పనికి పెట్టారు. ఆరేళ్లు అక్కడ. తర్వాత ఎడిన్‌బరో చేరి మరో ఏడేళ్లు ఇతరుల దుకాణాల్లో కూలికి. సొంతంగా దుకాణం పెట్టుకోవాలంటే వృత్తి సంఘంలో సభ్యత్వం తప్పనిసరి, అది ఊరికే రాదు. దాదాపు 40 పౌండ్లు కట్టి 1771 డిసెంబరు 19న సర్జన్-బార్బర్ల సంఘంలో చేరాడు. పేరులో ఆ సర్జన్ మాట ఎందుకంటే, పూర్వం కత్తి పట్టేవాళ్లంతా ఒకే సంఘం కింద ఉండేవాళ్లు, గడ్డం గీసేదైనా, పుండు కోసేదైనా.

ఆ కాలపు క్షురకుడి పనిని మనం ఇప్పటి సెలూన్‌తో పోల్చుకుంటే పొరబడతాం. పెద్దమనుషులంతా విగ్గులు పెట్టుకునేవాళ్లు. వాటిని ఉంగరాలు తిప్పాలి, పౌడరు చల్లాలి, వెనక జడ కట్టాలి. ఏడాదికి ఇంతని మాట్లాడుకుని క్షురకుణ్ణి ఇంటికే రప్పించుకునేవాళ్లు. న్యాయమూర్తి తెల్లవారి కోర్టుకు తయారయ్యే వేళ, ఆ ముఖానికి జానెడు దూరంలో నిలబడేవాడు క్షురకుడే. బోడితల చూసేవాడు, విగ్గు కింద మనిషి వయసెంతో తెలిసినవాడు అతనే. కే బొమ్మల్లో అత్యధికం పక్కచూపు బొమ్మలే. నుదురు, ముక్కు, గదవ, మెడ కింద ముడత ఒకే గీతగా దిగి వస్తాయి. గడ్డం గీసేవాడికి ఆ గీత వేళ్లకే తెలిసి ఉంటుందని నా నమ్మకం.

అలా కుదిరిన వాడుకదారుల్లో డర్ల్‌టన్ జమీందారు విలియం నిస్బెట్ ఒకడు. కే గీసే బొమ్మలు ఆయన కంట పడ్డాయి. ముచ్చటపడి నెలల తరబడి తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఇంట్లోవాళ్ల చిన్న చిన్న రూపచిత్రాలు గీయించుకున్నాడు. నిస్బెట్ పోయేనాటికి కే పేర రాసిపెట్టినదేమీ లేదు. కాని వారసుడు మంచివాడు. ఏడాదికి 20 పౌండ్ల భృతి ఏర్పాటు చేశాడు. ఈ 20 పౌండ్లే మన కథకు మలుపు. దాంతో సంసారం గట్టెక్కదు, నిజమే. అయినా బొమ్మలు అమ్ముడుపోని నెలలో కూడా పొయ్యి వెలుగుతుందన్న ధీమా ఇచ్చింది. ఇంట్లో మాత్రం దుఃఖం ఆగలేదు. ఇరవయ్యో ఏట లిల్లీ స్టీవెన్‌ను పెళ్లాడాడు. పిల్లలు చాలామంది పుట్టారు. పెద్దకొడుకు విలియం తప్ప ఎవరూ దక్కలేదు. 1785లో లిల్లీ కూడా పోయింది. అదే సంవత్సరం కే క్షురకుల కంబం దించేసి, పార్లమెంట్ క్లోజ్‌లో బొమ్మల దుకాణం తెరిచాడు. రెండేళ్ల తర్వాత మార్గరెట్ స్కాట్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె చివరిదాకా తోడుంది.

ఇక పని ఎలా జరిగేదో చూద్దాం, ఎందుకంటే కే లాంటివాడికి ఈ కళలో చోటు దొరికింది ఆ పద్ధతి వల్లే. రాగి రేకు మీద ఉలితో నేరుగా చెక్కడం ఒక విద్య. లోహంలోకి ఉలిని నెట్టాలి, చెయ్యి వణక్కూడదు, వంపు తిరిగే చోట రేకునే తిప్పాలి. దానికి ఏళ్ల శిక్షణ కావాలి. ఎచింగ్ అలా కాదు. నున్నగా మెరుగుపెట్టిన రాగి రేకును వేడిచేసి, మైనమూ గుగ్గిలం లాంటి జిగుర్లూ కలిపిన పూతను పలచగా పూస్తారు. కొవ్వొత్తి పొగ పట్టించి దాన్ని నల్లబరుస్తారు. ఇప్పుడు సూది పట్టుకుని ఆ పూత మీద గీస్తే చాలు. రాగిని చెక్కనక్కర్లేదు, పూతను తొలగిస్తే సరి. నల్లటి పూతలో ఎర్రగా మెరిసే గీత కనిపిస్తుంది. కాగితం మీద కలంతో గీయగలిగినవాడు దీని మీదా గీయగలడు.

తర్వాత రేకు అంచుల చుట్టూ మైనంతో గట్టు కట్టి, నీళ్లు కలిపిన నత్రికామ్లం పోస్తారు. పూత ఉన్నచోట ఆమ్లం ఏమీ చేయలేదు. సూది తెరిచిన గీతల్లో మాత్రం రాగిని కొరుకుతుంది. గీతల వెంట సన్నటి బుడగలు లేస్తాయి, వాటిని ఈకతో తుడుస్తుండాలి. పలచగా ఉండాల్సిన గీతలు చాలినంత లోతుకు వెళ్లగానే ఆమ్లం ఒంపేసి, వాటిని వార్నిష్‌తో మూసేసి, మిగతావాటికి మళ్లీ పోస్తారు. అందుకే కోటు మడతలు ముదురుగా, బుగ్గ మీది గీత లేతగా వస్తాయి. మచిలీపట్నం కలంకారీలో నీలిరంగు అంటకూడని చోట మైనం పూసే పనితనం తెలిసినవాళ్లకు ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. అక్కడ మైనం బట్టను రంగు నుంచి కాపాడితే, ఇక్కడ లోహాన్ని ఆమ్లం నుంచి కాపాడుతుంది.

పూత కడిగేశాక రేకంతా సిరా పూసి, పైపైన గుడ్డతో తుడిస్తే సిరా గీతల్లోనే మిగులుతుంది. తడిపిన కాగితం పరిచి, రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే ఆ సిరాను కాగితం లాక్కుంటుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారై పడుతుంది కాబట్టి అక్షరాలు రేకు మీద తిరగేసి రాయాలి. కే చాలా రేకుల మీద తన పేరూ సంవత్సరమూ వేశాడు. ఆ సంవత్సరం అంకె చరిత్ర రాసేవాళ్లకు ఎంత మేలు చేసిందో చెప్పలేను. ఫలానా మనిషి ఫలానా ఏడాదికి ఎంత ముసలివాడయ్యాడో, ఏ తీరు కోటు వేసేవాడో, కర్ర పట్టే వయసు వచ్చిందో లేదో అన్నీ తేదీతో సహా దొరుకుతాయి.

పార్లమెంట్ క్లోజ్ అంటే సెయింట్ జైల్స్ చర్చి వెనకున్న చౌకు. మధ్యలో గుర్రమెక్కిన రెండో చార్లెస్ రాజు సీసపు విగ్రహం. ఒక వైపు కోర్టులు. చుట్టూ పుస్తకాల కొట్లు, కంసాలి కొట్లు. చర్చికి అటు పక్క టోల్‌బూత్ జైలు. వకీళ్లు, జడ్జీలు, కక్షిదారులు, అప్పులవాళ్లు, పల్లకీలాంటి కుర్చీలు మోసేవాళ్లు, చేపలు మోసుకొచ్చే ఆడవాళ్లు అందరికీ అది దారి. ఆ దారిలో కే దుకాణం కిటికీ. అద్దం వెనక కొత్త బొమ్మ పడిందంటే జనం గుమిగూడేవాళ్లు. బొమ్మలో ఉన్నవాడు కూడా ఆ గుంపులోంచే నడిచిపోయే అవకాశం ఉంది. తెలిసిన ముఖాన్ని అచ్చులో చూడటం అప్పటికి ఎంత కొత్త అనుభవమో ఊహించండి.

ఇదంతా ఎడిన్‌బరోలోనే జరగడానికి కారణం ఆ ఊరి ఇళ్ల తీరు. పాత ఊళ్లో స్థలం లేక ఇళ్లు పైకి పెరిగాయి. పది అంతస్తుల దాకా లేచిన రాతి కట్టడాలున్నాయి. మెట్లు అందరికీ ఒకటే. నేలగదిలో చెప్పులు కుట్టేవాడు, మధ్య అంతస్తుల్లో జడ్జి, జమీందారు విధవరాలు, పై అటకలో కూలివాళ్లు. రోజూ ఒకరినొకరు ఒరుసుకుంటూ ఎక్కిదిగేవాళ్లు. 1767లో జేమ్స్ క్రెయిగ్ నక్షాతో ఉత్తరాన కొత్త పట్నానికి పునాది పడింది. తిన్నని వీధులు, విడి ఇళ్లు. మధ్యలోని లోయ మీద నార్త్ బ్రిడ్జి కట్టారు. డబ్బున్నవాళ్లు ఒక్కొక్కరే ఆ వంతెన దాటి వెళ్లిపోవడం మొదలైంది. కే దుకాణం తెరిచింది సరిగ్గా ఆ సంధికాలంలో. పైవాళ్లూ కిందివాళ్లూ ఒకే వీధిలో తిరిగిన ఆఖరి తరాన్ని అతను పట్టుకున్నాడు. ఆ తర్వాత పుట్టి ఉంటే ఇలాంటి బొమ్మల పెట్టె తయారయ్యేది కాదు.

ఆ వంతెన మీది ఒక బొమ్మే చెప్తాను. 1785లో వేసింది, డాక్టర్ జేమ్స్ గ్రేహమ్ ఈదురుగాలిలో నార్త్ బ్రిడ్జి మీద వెళ్తున్న దృశ్యం. మట్టిలో మెడదాకా పాతిపెట్టి జబ్బులు నయం చేస్తానన్న వైద్యుడు ఈయన. లండన్‌లో పిల్లలు లేనివాళ్లకు దివ్యశయ్య పేరుతో మంచం అద్దెకిచ్చాడు. ఎడిన్‌బరో జనం ఆయన ఉపన్యాసాలకు విరగబడ్డారు. కే ఆయన వైద్యాన్ని గీయలేదు, గాలిని గీశాడు. ఆ వంతెన మీద నడిచిన ఊరివాళ్లందరికీ ఆ గాలి తెలుసు.

మొదటి రేకుల్లో ఒకటి మతిచెడిన జమీందారు రాబర్ట్‌సన్‌ది. 1745 నాటి జాకొబైట్ తిరుగుబాటులో చేరి, ఖైదుపడి, ఆ తర్వాత మనసు చెదిరినవాడు. కర్ర చివర చిన్న చిన్న తలకాయలు చెక్కి తగిలించుకుని వీధుల్లో తిరిగేవాడు. అవి ఊళ్లోని పేరున్నవాళ్లవే. ఇవాళ ఎవరి తల ఎక్కించావని దారిన పోయేవాళ్లు అడిగేవాళ్లు, అతను చూపించేవాడు. కే కన్నా ముందే ఆ ఊరి ముఖాలను ఊరికి చూపించిన మనిషి ఇతనే కదా అనిపిస్తుంది నాకు. కే ఇతన్ని ఎగతాళి చేయలేదు. జడ్జీలకు ఇచ్చినంత చోటే ఇచ్చాడు.

ఇదే కేలో నన్ను కట్టిపడేసే గుణం. ఉప్పు అమ్ముకునే మార్గరెట్ సట్టీకీ, నగర కాపలా దళంలోని హైలండర్ జాన్ డూకీ, కోర్టు ప్రధాన న్యాయమూర్తికీ రేకు ఒకటే, సూది ఒకటే. అందరూ నిలువెత్తు మనుషులు, కాళ్ల కింద అదే నేల. అదే కాలంలో, అదే ఊళ్లో హెన్రీ రేబర్న్ మహాచిత్రకారుడిగా ఎదిగాడు. అతని కుంచె ముందు కే సూది నిలవదు. ఆ మాట దాచాల్సిన పని లేదు. కే మనుషులు బిగదీసుకుని ఉంటారు, చేతులు కొయ్య చేతుల్లా ఉంటాయి, వెనక దృశ్యానికి లోతు ఉండదు. కాని రేబర్న్ ముందు కూర్చోవాలంటే డబ్బు కావాలి, తీరిక కావాలి, తనను తాను పెద్దమనిషిగా చూపించుకోవాలన్న కోరిక కావాలి. ఉప్పమ్మికి ఆ మూడూ లేవు. ఆమె పేరూ రూపూ ఇవాళ మనకు మిగిలాయంటే కే వల్లే.

ఒకే మనిషిని ఇద్దరూ ఎలా చూశారో పోల్చడానికి జేమ్స్ హటన్ ఉన్నాడు. భూగర్భశాస్త్రానికి ఆద్యుడు. రేబర్న్ ఆయనను కుర్చీలో కూర్చోబెట్టాడు. చేతులు కట్టుకుని, ఆలోచనలో పడి, పక్కన బల్ల మీద రాళ్లూ గవ్వలూ పెట్టుకుని ఉంటాడు. కే 1787లో ఆయనను బయటికి, కొండ దగ్గరికి తీసుకొచ్చాడు. చేతిలో సుత్తి, తలమీద టోపీ, ఎదురుగా నిట్టనిలువు రాయి. బొమ్మను కళ్లకు దగ్గరగా తెచ్చుకుని ఆ రాతి అంచును చూడండి. ముక్కులు, పెదవులు, గదవలు కనిపిస్తాయి. రాతిపొరలన్నీ పక్కకు తిరిగిన మనుషుల ముఖాలే. హటన్‌తో వాదానికి దిగిన పండితులని కొందరి వ్యాఖ్యానం. అంతకు రెండేళ్ల ముందు, 1785లో, ఎడిన్‌బరో రాయల్ సొసైటీ ముందు ఆయన సిద్ధాంతం వినిపించారు. భూమి వయసు మనుషులు లెక్కపెట్టుకున్న వేల ఏళ్లలో ఇమడదని, కొండలు అరిగి సముద్రం అడుగు చేరి మళ్లీ కొండలవుతాయని ఆ సిద్ధాంతం. ఊరి క్షురకుడికి ఆ వాదం ఎంత తెలుసో గాని, హటన్ రాయిని చూసే తీరు మాత్రం పట్టేశాడు. రాయికీ మనిషికీ మధ్య సంభాషణ నడుస్తున్నట్టు ఉంటుంది.

హటన్‌నూ ఆయన ప్రాణస్నేహితుడు జోసెఫ్ బ్లాక్‌నూ ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘తత్త్వవేత్తలు’ అనే పేరుతో మరో రేకు వేశాడు. బొగ్గుపులుసు వాయువును వేరుచేసి చూపినవాడు, గుప్తోష్ణం కనిపెట్టినవాడు ఈ బ్లాక్. కే అచ్చుల సంపుటిలో వీళ్లిద్దరి గురించి ఒక ముచ్చట ఉంది. సముద్రపు గుల్లల్ని ఇష్టంగా తినే మనుషులు నేల మీది నత్తల్ని ఎందుకు తినరు, ఇది వట్టి దురభిప్రాయం కాదా అని ఇద్దరూ తర్కించి, నత్తలు వండించుకుని బల్ల ముందు కూర్చున్నారట. చెరో ముద్దా నోట పెట్టుకున్నారు. మింగుడుపడటం లేదు. స్నేహితుడి ముందు ఓడిపోవడానికి ఇద్దరికీ మొహమాటం. కాసేపటికి బ్లాక్ మెల్లగా, కాస్త పసరు వాసనేమో అన్నాడట. వెంటనే హటన్ కొంచెమేమిటి, భరించలేనంత అని కంచాలు తీయించేశాడట. విజ్ఞానశాస్త్ర చరిత్రపుస్తకాల్లో దొరకని మనుషులు వీళ్లు.

ఆండ్రూ బెల్, విలియం స్మెల్లీల జంట బొమ్మ కూడా ఇలాంటిదే. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా మొదటి ముద్రణ 1768 నుంచి 1771 దాకా వంద భాగాలుగా, మన ధారావాహికల్లాగే విడతలవారీగా వచ్చింది. స్మెల్లీ 200 పౌండ్లకు దాన్ని కూర్చాడు. బెల్ 160 రాగి రేకులు చెక్కాడు. బెల్ ఎత్తు నాలుగున్నర అడుగులు, ముక్కు మాత్రం చాలా పెద్దది. ఊళ్లోకెల్లా ఎత్తైన గుర్రం కొని, నిచ్చెన వేసుకుని ఎక్కేవాడు. ఎవరైనా ముక్కు కేసి చూసి నవ్వితే, అంతకన్నా పెద్ద కాగితపు గుజ్జు ముక్కు తగిలించుకుని వచ్చేవాడట. కుక్కల మెడపట్టీల మీద పేర్లు చెక్కడంతో మొదలైన అసలుసిసలు చెక్కుడు పనివాడు. అతని పక్కన కే వట్టి ఔత్సాహికుడు. అయినా బెల్ ఎలా నిలబడేవాడో మనకు చెప్పింది కే గీతలే.

దుకాణానికి నాలుగడుగుల్లో ఉన్న టోల్‌బూత్ ముందు 1788 అక్టోబరు 1న డీకన్ విలియం బ్రోడీని ఉరితీశారు. పగలు పేరుమోసిన వడ్రంగి, వృత్తి సంఘానికి పెద్ద, నగర సభ సభ్యుడు. రాత్రి జూదగాడు, కన్నగాడు. బీరువాలు, తలుపులు బాగుచేయడానికి వెళ్లిన ఇళ్ల తాళాల నమూనాలు తీసుకుని తర్వాత దోచుకునేవాడు. ఎక్సైజ్ ఆఫీసు దోపిడీ బెడిసికొట్టి, ఆమ్‌స్టర్‌డామ్ పారిపోయి, అక్కడ పట్టుబడ్డాడు. కే అతన్ని సోకైన దుస్తుల్లో గీశాడు. దొంగ అని ముఖంలో ఎక్కడా లేదు. అతనూ జార్జ్ స్మిత్ అనే కూటమి దొంగా తొలిసారి కలుసుకున్న ఘట్టాన్ని మరో రేకులో ఊహించాడు. అదే బ్రోడీ చేసిన బీరువా ఒకటి తర్వాతి శతాబ్దంలో రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ పసితనపు గదిలో ఉండేది. జెకిల్, హైడ్‌ల కథ పుట్టుకలో ఈ బ్రోడీ నీడ ఉందని సాహిత్యం తెలిసినవాళ్లు చెప్పే మాట నమ్మదగ్గదే.

1793లో ఊరి గాలి మారింది. ఫ్రాన్స్‌లో రాజు తల తెగింది. ఓటు హక్కు విస్తరించాలని సభలు పెట్టిన యువ వకీలు థామస్ మ్యూర్‌ను రాజద్రోహం కింద విచారించి, 14 ఏళ్ల ప్రవాస శిక్ష వేసి ఆస్ట్రేలియాకు పంపేశారు. తీర్పు చెప్పిన న్యాయపీఠంలో కరకు మాటకు పేరుపడ్డ లార్డ్ బ్రాక్స్‌ఫీల్డ్ ఉన్నాడు. కే మ్యూర్‌ను గీశాడు, అతని తోటివాళ్లను గీశాడు, బ్రాక్స్‌ఫీల్డ్‌నూ గీశాడు. కోర్టు గుమ్మం ఎదుట కొట్టు పెట్టుకుని, శిక్షపడ్డవాళ్ల ముఖాలను అమ్మడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. స్కాట్లండ్ రాజకీయాన్ని గుప్పిట్లో పెట్టుకున్న హెన్రీ డండాస్‌నూ వదల్లేదు. మనకు ఈ డండాస్ పరాయివాడు కాదు. 1784లో ఏర్పడిన బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌లో మొదటి నుంచీ చక్రం తిప్పి, 1793 నుంచి 1801 దాకా అధ్యక్షుడిగా కూర్చున్నది ఇతనే. ఉత్తర సర్కారుల సంగతి సహా ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలపై లండన్‌లో చివరి మాట ఆ బోర్డుదే. గంజాం నుంచి గుంటూరు దాకా రైతుల మీద పడిన నిర్ణయాల వెనకున్న మనిషి ఎలా ఉండేవాడో చూడాలంటే కే రేకు చూడవచ్చు.

అందరూ ఈ బొమ్మల్ని నవ్వుతూ తీసుకోలేదు. ఒకాయన కేను పట్టుకుని కర్రతో బాదాడు. మరొకాయన కోర్టుకెక్కాడు. అక్కడ గెలుపు కేదే. నిజానికి కే వ్యంగ్యంలో విషం తక్కువ. లండన్‌లో వ్యంగ్యచిత్రకారుడు గిల్‌రే వేసిన బొమ్మల పక్కన పెడితే అవి పెద్దమనిషి తరహావి. మనిషి ముక్కును ఉన్నదానికన్నా లాగడు, పొట్టను ఉబ్బించడు. నడకలోనో నిలబడే తీరులోనో ఉన్న వింతను ఉన్నదున్నట్టు పెడతాడు. కొందరికి అదే ఎక్కువగా గుచ్చుకుంది.

తనను తాను కూడా అలాగే చూసుకున్నాడు. 1786 నాటి స్వీయచిత్రంలో కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ వీపు మీద అతని పెంపుడు పిల్లి. స్కాట్లండ్ మొత్తంలో అంత పెద్ద పిల్లి లేదని చెప్పుకునేవాళ్లు. నలభై నాలుగేళ్ల మనిషి, అంతకు ఏడాది ముందే భార్యను పోగొట్టుకున్నాడు, పదిమంది దాకా పిల్లల్ని పూడ్చిపెట్టాడు, ఇరవై ఏళ్లు దాటిన వృత్తిని వదిలేశాడు. ఆ బొమ్మలో అతని పక్కనున్న ప్రాణి ఆ పిల్లి ఒక్కటే.

వృత్తి వదలడం ఎంత ముందుచూపో పదేళ్లలో తేలింది. 1795లో జుట్టుకు వేసే పౌడరు మీద తలకు ఏడాదికి ఒక గినీ పన్ను పడింది. అప్పటికే తగ్గుతున్న విగ్గుల వాడకం దాంతో కుప్పకూలింది. ఎడిన్‌బరో క్షురకుల్లో ఎందరి బతుకు ఆ పన్నుతో చితికిందో. కే మాత్రం అప్పటికి వందల రేకులు గీసి ఉన్నాడు. దాదాపు నలభై ఏళ్ల వ్యవధిలో మొత్తం తొమ్మిది వందలకు దగ్గరగా వేశాడు.

1824 నవంబరులో మహాగ్నిప్రమాదం జరిగి పార్లమెంట్ చౌకు చుట్టూ ఉన్న పాత కట్టడాలు చాలావరకు కాలిపోయాయి. టోల్‌బూత్‌ను అంతకు ముందే, 1817లో కూల్చేశారు. అతను గీసిన మనుషుల్లో చాలామంది పోయారు, వాళ్లు తిరిగిన చోటూ పోయింది. 1826 ఫిబ్రవరి 21న కే కన్నుమూశాడు. గ్రేఫ్రయర్స్ శ్మశానంలో పూడ్చారు.

1835లో మార్గరెట్ పోయాక రేకులు హ్యూ పేటన్ అనే ముద్రాపకుడి చేతికి వచ్చాయి. అతను చేసిన మంచి పని ఏమిటంటే, బొమ్మల్ని తిరిగి అచ్చువేసి ఊరుకోలేదు. ప్రతి బొమ్మకూ ఆ మనిషి జీవితకథ రాయించాడు. మూడు వందలకు పైగా రేకులతో 1837, 1838ల్లో రెండు పెద్ద సంపుటాలు వెలువడ్డాయి. అప్పటికి ఆ మనుషుల్ని కళ్లారా చూసినవాళ్లు ఊళ్లో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. నత్తల కథ, నిచ్చెన వేసుకుని గుర్రమెక్కిన బెల్ కథ, కర్ర మీది తలకాయల కథ ఆ నోళ్ల నుంచే వచ్చి పుస్తకంలో చేరాయి. మరో ఇరవై ఏళ్లు ఆలస్యమైతే బొమ్మలు ఉండేవి, ఎవరిదో చెప్పేవాళ్లు ఉండేవాళ్లు కాదు. 1842లో నాలుగు చిన్న సంపుటాలుగా, 1877లో మళ్లీ పెద్ద సైజులో ఆ గ్రంథం వచ్చింది. పద్ధెనిమిదో శతాబ్దపు ఎడిన్‌బరో గురించి ఎవరు రాసినా ఈ సంపుటాలు తెరవక తప్పదు. స్మిత్ జీవితచరిత్రల్లో పూలగుత్తి బొమ్మ, భూగర్భశాస్త్ర పుస్తకాల్లో సుత్తి పట్టిన హటన్ బొమ్మ ఇప్పటికీ అచ్చవుతూనే ఉన్నాయి, చాలాసార్లు కింద కే పేరు కూడా లేకుండా.

వచ్చే భాగంలో సరిహద్దు దాటి న్యూకాసిల్ వెళ్దాం. అక్కడ థామస్ బెవిక్ రాగిని పక్కనపెట్టి, కొయ్య దిమ్మె అడ్డకోత మీద ఉలి పెట్టాడు. ఆ పనితనం పుస్తకాల అచ్చునే మార్చేసింది.